గర్భిణి గదిలో ఎయిర్ ప్యూరిఫయర్: ఒక చలికాలమంతా వాడి చూశాక

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి గది కోసం కిందటి చలికాలం మొదలయ్యే ముందు ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాము. ఆమెకు ఏడో నెల నిండినప్పటి నుంచి, ప్రసవమై బిడ్డను తీసుకుని అత్తవారింటికి వెళ్లేదాకా అది ఆ గదిలో రాత్రింబవళ్లు నడిచింది. పదిహేను వేల రూపాయల లోపు ధరలో, హెచ్13 రకం హెపా ఫిల్టరుతో (గాలిలోని అతి సన్నని కణాలను పట్టే మడతల జల్లెడ), గంటకు 250 ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేయగలదని పెట్టె మీద రాసి ఉన్న మధ్యతరగతి యంత్రమిది. ఇదే పరిమాణంలో, దాదాపు ఇవే భాగాలతో నాలుగైదు కంపెనీల యంత్రాలు బజారులో దొరుకుతున్నాయి కాబట్టి, కంపెనీ పేరు పక్కన పెట్టి, గర్భిణి ఉన్న ఇంట్లో ఇలాంటి యంత్రం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో రాస్తాను.

మా ఇల్లు హైదరాబాదులో బాలానగర్ వైపు ఉంది. ఒక పక్క పారిశ్రామికవాడ, ఇంకో పక్క ఎడతెగని లారీలు, బస్సులు. మాకు దగ్గరలో ఉన్న సనత్‌నగర్ కాలుష్య నమోదు కేంద్రం వివరాలు ఫోనులో చూస్తుంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక అంకెలు ఎలా పైకి లేస్తాయో కళ్లకు కడుతుంది. చలికాలంలో నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, పైకి పోకుండా నిలిచిపోతుంది. దానితోపాటు పొగ, దుమ్ము కూడా అక్కడే నిలుస్తాయి. దానికి తోడు వీధి ఊడ్చిన వాళ్లు ఆకులూ చెత్తా మూల మీద కుప్పవేసి అంటించడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. హైదరాబాదు గాలి ఢిల్లీ గాలి అంత చెడిపోలేదన్న మాట నిజమే. కానీ గాలిలోని పీఎం 2.5 కణాలు, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నని కణాలు, 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణం చెబుతుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణం అది 15 దాటకూడదంటోంది. ఫోనులో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, 100 చూపించి, "సంతృప్తికరం" అని పచ్చరంగు వేసిన రోజున కూడా పీఎం 2.5 కణాలు 60 దాకా ఉండవచ్చు. కడుపుతో ఉన్న అమ్మాయి విషయంలో ఆ పచ్చరంగు చూసి నిశ్చింతగా కూర్చోవడం నాకు చేతకాలేదు.

ఆ ఆందోళన ఊరికే పుట్టింది కాదు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని ఈ కణాలు తల్లి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో మాయలో (కడుపులోని బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే ప్లాసెంటాలో), అదీ బిడ్డ వైపు ఉండే భాగంలో, నల్లటి మసి కణాలను చూపించారు. గాలి ఎక్కువగా చెడిన చోట నివసించిన తల్లుల మాయలో ఆ కణాలు ఎక్కువగా ఉన్నాయి. అదే బృందం స్కాట్లండులోని అబెర్డీన్ పరిశోధకులతో కలిసి 2022లో ప్రచురించిన పరిశీలనలో, ఇంకా నెలలు నిండని పిండాల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా మసి జాడలు కనిపించాయి. మాయలోని సన్నని రక్తనాళాలు వాపెక్కి ఇరుకైతే బిడ్డకు అందవలసిన ప్రాణవాయువు, ఆహారం తగ్గుతాయి. దాని ఫలితం నెలలు నిండకుండా కాన్పు కావడం గానీ, నెలలు నిండినా బిడ్డ రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టడం గానీ కావచ్చు. అలాంటి బిడ్డలకు ఒంటి వేడి నిలవదు, పాలు గట్టిగా తాగే ఓపిక ఉండదు, అంటువ్యాధులు తొందరగా సోకుతాయి. మరీ ముందుగా పుట్టిన వాళ్లకైతే ఊపిరితిత్తులు విచ్చుకోవడమే కష్టం. 2019 సంవత్సరంలో ప్రపంచంలో దాదాపు 4 లక్షల 76 వేల మంది పసికందులు పుట్టిన నెల రోజుల్లోపే చనిపోవడానికి గాలి కాలుష్యంతో సంబంధం ఉందని, వారిలో లక్షా 16 వేల మందికి పైగా మన దేశపు బిడ్డలేనని 'స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్' 2020 నివేదిక లెక్కగట్టింది. ఆ మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు ఇంట్లోని కట్టెలు, బొగ్గు, పిడకల పొగతోనే సంబంధం ఉంది. ఈ చివరి ముక్క దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే యంత్రం కొనాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

గది గాలి శుభ్రం చేస్తే బిడ్డకు నిజంగా మేలు జరుగుతుందా అన్నది అమ్మేవాళ్లు చెబితే నమ్మే సంగతి కాదు. దీని మీద నాకు తెలిసిన గట్టి పరీక్ష మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జరిగింది. చలికాలంలో ఇళ్ల బొగ్గు పొయ్యిల పొగతో నిండిపోయే ఊరది. అక్కడ 540 మంది గర్భిణులను చేర్చుకుని, చీటీ వేసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టు ఇళ్లలో హెపా యంత్రాలు పెట్టారు. ఆ ఇళ్లలో పీఎం 2.5 సగటున 29 శాతం తగ్గింది. మొత్తం బిడ్డలను కలిపి చూస్తే రెండు జట్ల మధ్య బరువు తేడా 18 గ్రాములే, అంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేనంత. నెలలు నిండి పుట్టిన వాళ్లను మాత్రమే చూస్తే యంత్రం ఉన్న ఇళ్ల బిడ్డలు సగటున 85 గ్రాములు ఎక్కువ తూగారు. ఊరి గాలి మొత్తం బాగుపడితే ఏమవుతుందో బీజింగ్ చూపించింది. 2008 ఒలింపిక్స్ కోసం చాలా ఫ్యాక్టరీలు, వాహనాలు ఆపిన ఆ కొద్ది వారాల్లో ఎనిమిదో నెల గడిపిన తల్లుల బిడ్డలు, అంతకు ముందు ఏడూ ఆ తర్వాతి ఏడూ అదే కాలంలో ఎనిమిదో నెల గడిపిన తల్లుల బిడ్డలకన్నా సగటున 23 గ్రాములు ఎక్కువ బరువున్నారు. గ్రాముల్లో చూస్తే చిన్నవే అనిపిస్తాయి గానీ, సరిహద్దు బరువులో ఉన్న బిడ్డకు అవి చిన్నవి కావు. మా మనవడు 2 కిలోల 900 గ్రాములతో నెలలు నిండి పుట్టాడు. దానిని ఈ యంత్రం ఖాతాలో వేసే ఉద్దేశం నాకు లేదు. ఒక బిడ్డను చూసి అలాంటి మాట చెప్పకూడదు.

ఇక యంత్రం సంగతి. కొనేటప్పుడు చూడవలసిన మొదటి అంకె సీఏడీఆర్, అంటే గంటకు ఎంత శుభ్రమైన గాలిని బయటికి పంపుతుందన్నది. మా గది పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అంటే సుమారు 41 ఘనపు మీటర్ల గాలి. 250 సీఏడీఆర్ ఉన్న యంత్రం ఈ గదిలోని గాలినంతా గంటకు ఆరు సార్లు వడకడుతుంది. పొగ ఉన్న ఊరిలో గంటకు ఐదు సార్లకు తగ్గకపోతే మంచిది కాబట్టి, కాగితం మీద ఈ లెక్క బాగానే ఉంది. అయితే ఆ 250 అన్నది ఫ్యాను పూర్తి వేగంతో తిరిగినప్పటి అంకె. పూర్తి వేగంలో అది చేసే చప్పుడుకు ఏ గర్భిణీ నిద్రపోలేదు. రాత్రి 'స్లీప్ మోడ్' పెట్టగానే చప్పుడు దాదాపు వినబడదు, కానీ శుభ్రం చేసే గాలి కూడా మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. అప్పుడు గంటకు రెండు సార్లకు మించి గాలి వడకట్టబడదు. చలికాలపు రాత్రులే కాలుష్యం ఎక్కువగా ఉండే వేళలు. యంత్రం అన్నిటికన్నా ఎక్కువ పని చేయవలసిన సమయంలోనే అన్నిటికన్నా తక్కువ పని చేస్తుందన్నమాట. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు, దుకాణంలో అడిగితే చెప్పగలిగే వాళ్లు తక్కువ. మేము చేసిన ఉపాయం ఏమిటంటే, అమ్మాయి భోజనానికి వచ్చినప్పుడు కిటికీలు, తలుపు మూసి గంటసేపు పూర్తి వేగంతో నడిపి, పడుకునే ముందు మధ్య వేగానికి తగ్గించడం. మధ్య వేగపు హోరు రెండు మూడు రాత్రుల్లో అలవాటైపోయింది. ఇప్పుడు కొనవలసి వస్తే గది లెక్కకు సరిపోయేది కాక, ఒక మెట్టు పెద్ద యంత్రమే తీసుకుని తక్కువ వేగంలో నడిపిస్తాను. కరెంటు ఖర్చు భయపడేంత లేదు. పూర్తి వేగంలో రోజంతా నడిచినా ఒక యూనిట్ దగ్గరే ఆగుతుంది.

యంత్రం ముఖాన ఉన్న తెర మీద పీఎం 2.5 అంకె కనిపిస్తూ ఉంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఫిల్టరు కాదు, ఆ అంకె. మామూలుగా 20, 30 దగ్గర ఆడే అంకె, వంటింట్లో పప్పుకు తాలింపు వేసిన రెండు నిమిషాలకు 150 దాటిపోయేది, అదీ రెండు గదుల అవతల. ఎండుమిరపకాయలు మాడిన రోజున దీపం ఎర్రగా మారి, మళ్లీ పచ్చబడటానికి అరగంట పట్టింది. బయటి గాలినే తప్పుపడుతూ ఉన్న మాకు, ఇంట్లో పుట్టే పొగ ఎంతో ఆ తెర చూపించింది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను పొయ్యి వెలిగించే ముందే వేయడం, వంటయ్యాక మరి కాసేపు ఆపకుండా ఉంచడం, పడకగది తలుపు మూయడం అప్పటి నుంచి అలవాటయ్యాయి. అయితే ఆ తెరను గుడ్డిగా నమ్మకూడదు. లోపల ఉన్నది కాంతిపుంజం మీద పడే కణాల మెరుపును లెక్కపెట్టే చిన్న సెన్సారు. అది పొగమంచు తుంపరను, స్నానాల గదిలోంచి వచ్చే ఆవిరిని కూడా దుమ్ముగానే లెక్కేస్తుంది. వాయువులనైతే అసలు చూడదు.

దోమల చుట్టలు మా ఇంట్లో ముందే మానేశాము. ఒక చుట్ట కాలిపోయేలోగా వదిలే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటాయని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. దోమతెర ఉండగా ఆ గొడవే అక్కరలేదు. అసలు చిక్కు సాంబ్రాణి దగ్గర వచ్చింది.

పురుడు వచ్చిన ఇంట్లో బిడ్డకు నీళ్లు పోశాక సాంబ్రాణి ధూపం వేయడం తరతరాల ఆచారం. కుంపట్లో నిప్పులు రాజేసి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, తువ్వాలులో చుట్టిన బిడ్డ తలను ఆ పొగ మీద ఆడిస్తారు. బాలింత తడి జుట్టును బోర్లించిన వెదురు బుట్ట మీద పరిచి, కింద ఆ కుంపటే పెడతారు. నీళ్లు పోయడానికి వచ్చే పెద్దావిడ "పొగ పట్టకపోతే తల ఆరదమ్మా, పసిగుడ్డుకు జలుబు చేస్తది" అంది. మా అత్తగారు కూడా ఆమె పక్షమే. మొదటి రోజు కాదనలేక ఒప్పుకున్నాము. గది మధ్య కుంపటి పెట్టి సాంబ్రాణి చల్లగానే తెర మీద అంకె క్షణాల్లో పైకి ఎగబాకి 999 దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ఆ తెరకు అంతకన్నా పెద్ద అంకె చూపడం రాదు. యంత్రం దానంతట అదే పూర్తి వేగానికి వెళ్లి హోరుమని తిరిగింది. అయినా ఆ గది మామూలు స్థితికి రావడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ పొత్తిళ్లలోని బిడ్డ ఆ గాలే పీల్చాడు. నిమిషానికి నలభై సార్లకు పైగా ఊపిరి తీసే పసికందుకు, ఒంటి బరువుతో పోలిస్తే పెద్దవాళ్లకన్నా ఎక్కువ పొగ లోపలికి వెళుతుంది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు సంగతి వేరే. దానిని హెపా ఫిల్టరు పట్టలేదు, తెర చూపలేదు.

మా అత్తగారిని పిలిచి ఆ అంకె చూపించాను. లారీ వెనక నడిచినప్పుడు పీల్చే గాలి కన్నా ఇది చెడ్డదని చెబితే ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే కుంపటి పెరట్లో పెట్టించు, దేవుడి గదికి వాసన తగిలితే చాలు, బిడ్డ తల నేను తువ్వాలుతో తుడుస్తాను" అన్నారు. అలాగే చేశాము. బిడ్డ తల మెత్తని నూలుబట్టతో తుడిస్తే చక్కగా ఆరింది, జలుబూ రాలేదు. పెద్దవాళ్లు బిడ్డ మేలు కోరే ఆచారం పాటిస్తారు, మేలు ఎటు ఉందో కంటికి కనబడితే వాళ్లే దారి మారుస్తారు. డాక్టరు చీటీ కన్నా, నేను చెప్పిన మాటల కన్నా ఆ తెర మీది అంకె ఎక్కువ పని చేసింది. అగరుబత్తుల విషయంలోనూ అదే జరిగింది.

యంత్రం చేయలేని పనులు కూడా ఉన్నాయి. హెపా పట్టేది కణాలను మాత్రమే. గ్యాసు పొయ్యి నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు, కొత్త రంగుల, కొత్త బీరువాల వాసన వెనక ఉన్న రసాయనాలు దాని గుండా అలాగే వెళ్లిపోతాయి. వాటి కోసం ఇందులో పెట్టామని చెప్పే కార్బన్ పొర, తీసి చేత్తో పట్టుకుంటే, దుమ్ము జల్లెడ అంత పల్చగా ఉంది. పుట్టబోయే బిడ్డ కోసమని గదికి కొత్త రంగులు వేయించి, తలుపులు మూసి ప్యూరిఫయర్ పెట్టుకునే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రంగులు వేయించక తప్పకపోతే గర్భిణిని ఇంకో చోట ఉంచి, కిటికీలు రోజుల తరబడి బార్లా తెరిచి ఉంచాలి. అలాగే అయొనైజరు అని, గాలిలోని కణాలకు విద్యుదావేశం ఎక్కించే ఇంకో మీట ఉంటుంది. కొన్ని రకాలు ఓజోన్ పుట్టిస్తాయి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. మేము దానిని మొదటి రోజే ఆపేశాము. తలుపులు ఎప్పుడూ మూసి ఉంచితే గది ఉక్కగా, మత్తుగా తయారవుతుంది కాబట్టి, కాలుష్యం తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ కిటికీలు తెరిచి ఎండ రానిచ్చేవాళ్లం.

ఫిల్టరు విషయంలో మాత్రం నేను అసంతృప్తితో ఉన్నాను. ఉలాన్‌బాతర్ పరీక్షలో యంత్రాలు కొత్తలో గది కాలుష్యాన్ని 40 శాతం తగ్గిస్తే, ఐదు నెలలు గడిచేసరికి 15 శాతమే తగ్గించగలిగాయి. మా యంత్రంలో ఫిల్టరు మార్చమని గుర్తుచేసే దీపం ఉంది గానీ, అది గడిచిన గంటలను లెక్కపెడుతుందే తప్ప ఫిల్టరు ఎంత నిండిందో చూడదు. బాలానగర్ గాలికీ, అరకు గాలికీ దాని లెక్క ఒకటే. దీపం ఇంకా పచ్చగానే ఉన్న రోజున మూత తీసి చూస్తే, తెల్లగా ఉండవలసిన మడతలు మసిగుడ్డ రంగుకు తిరిగాయి. చేత్తో తడిమితే నల్లటి పొడి అంటుకుంది. ఆ మసి మా అమ్మాయి ఊపిరిలోకి వెళ్లలేదన్న తృప్తి ఒక పక్క, ఇంకా ఎంత పట్టగలదో అన్న బెంగ ఇంకో పక్క. కొత్త ఫిల్టరు ధర యంత్రం ధరలో ఐదో వంతు దాకా ఉంది. ఆర్డరు పెడితే సరుకు లేదన్నారు, వస్తుందన్నారు, వారాలు గడిపారు. సరిగ్గా ప్రసవం దగ్గర పడిన రోజుల్లో సేవాకేంద్రానికి ఫోన్ల మీద ఫోన్లు చేయవలసి వచ్చింది. చలికాలంలోనే అందరికీ ఫిల్టరు కావలసి వస్తుందన్నది తయారు చేసేవాళ్లకు తెలియని విషయం కాదు. బయట సగం ధరకు దొరికే నకలు ఫిల్టర్లకు అంచున ఉండే స్పాంజి పట్టీ సరిగా అమరదు. ఆ సందులోంచి గాలి వడకట్టకుండానే దూరిపోతుంది. కొత్త ఫిల్టరుకు చుట్టి ఉండే ప్లాస్టిక్ సంచి తీయడం మరవద్దని కూడా చెప్పాలి. మా పక్కింటి వాళ్ల యంత్రం ఆ సంచితోనే నెలల పాటు తిరిగింది, దీపం పచ్చగానే వెలుగుతూ ఉంది.

మా ఊరి నుంచి చూడటానికి వచ్చిన మా ఆడపడుచు, తన కోడలికి కూడా ఇలాంటిది కొనమంటావా వదినా అని అడిగింది. ఆ ఇంట్లో గ్యాసు బండ ఉంది, కానీ నీళ్లు కాచడానికి, పెద్ద వంటలకు ఇప్పటికీ కట్టెల పొయ్యే. వద్దన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి గ్యాసు చాలా ఇళ్లకు చేరింది, 2016లో ఉజ్వల వచ్చింది. అయినా బండ అయిపోతుందని పొదుపు చేసి, పక్కనే కట్టెలు కూడా రాజేసే ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంటికి ప్యూరిఫయర్ డబ్బుతో ఎన్నో బండలు వస్తాయి. గ్యాసుకు మారితే అంతా బాగైపోతుందని కూడా చెప్పలేము. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో 3,200 మంది గర్భిణులతో చేసిన హాపిన్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. కట్టెల పొయ్యి మీదే ఉన్న జట్టు పీల్చే పీఎం 2.5 దాదాపు 70 ఉంటే, గ్యాసు ఉచితంగా అందుకున్న జట్టు పీల్చేది 24, అంటే మూడో వంతే. అయినా బిడ్డల బరువులో తేడా దాదాపు 20 గ్రాములే. అది కూడా గట్టిగా ఉందని చెప్పలేనిది. ఆ తల్లులను చేర్చుకున్నది తొమ్మిదో వారం నుంచి ఇరవయ్యో వారం లోపు. మాయ ఏర్పడేది అంతకన్నా ముందు నుంచే కాబట్టి, పొగ మానవలసింది నెల తప్పాక కాదు, పెళ్లయి కాపురానికి వచ్చిన నాటి నుంచేనని నేను అనుకుంటున్నాను. మా ఆడపడుచుతో కోడలిని కట్టెల పొయ్యి దగ్గర కూర్చోనివ్వొద్దని, నీళ్లకు హీటరు కొనమని, మిగిలిన డబ్బు ఆమె తిండికి, రక్తహీనత మందులకు పెట్టమని చెప్పాను.

పట్నంలో రోడ్డు పక్కన, ఫ్యాక్టరీల పక్కన ఉంటూ, ఇంట్లో పొగ మానేసి, ఏడాదికి ఒకటి రెండు ఫిల్టర్ల ఖర్చు భరించగలిగిన వాళ్లకైతే కొనమనే చెబుతాను. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. ఆ ఒకటిన్నర తగ్గించింది రాత్రి వేగం దగ్గర, ఫిల్టరు సరఫరా దగ్గర. కొనే ముందు దుకాణంలో మూడు సంగతులు అడగండి: తక్కువ వేగంలో సీఏడీఆర్ ఎంత, అసలు ఫిల్టరు ధర ఎంత, అది ఇప్పుడు ఈ ఊళ్లో గోడౌనులో ఉందా. మూడో దానికి "తెప్పిస్తామండీ" అన్న జవాబు వస్తే, యంత్రంతో పాటే ఇంకో ఫిల్టరు వచ్చేదాకా డబ్బు కట్టవద్దు.